మరకలత్తయ్య పీకిన దారాలు

"రాగి తీగండీ! పట్టా పుచ్చుకునే గౌనులో రాగి తీగ!"

పట్టకారుతో పట్టుకున్న ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి ఆవిడ నన్ను నిలదీసింది, దాన్ని నేనే తీసుకెళ్ళి అందులో దోపినట్టు. అప్పుడే వాళ్ళ మేడ మీద నేను అద్దెకున్న గదిలోంచి దిగి, కోటు అందుకుందామని కొట్టులోకి వచ్చినవాణ్ని. నేను ఆ తీగ వంక చూశాను. వెంట్రుకంత సన్నగా, బాగా మెలిపెట్టి ముడేసి ఉంది.

"పోయినేడు చేపలు పట్టే దారం. అంతకు ముందేడు పట్టు దారం. ఈ ఏడు తీగ. వచ్చే ఏడు మేకులు కొడతారు కాబోలు! చదువుకున్న పిల్లలేనా వీళ్ళు?"

ఆవిణ్ని ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ మరకలత్తయ్య అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది గాని, దాంతో కరెంటు వాళ్ళకి తప్ప ఎవరికీ పనిలేదు. మొగుడూ పెళ్ళాం కలిసి నడిపే డ్రైక్లీనింగ్ కొట్టు. ముందు గదిలో కౌంటరూ, ఆవిరి ఇస్త్రీ యంత్రమూ. వెనక గదిలో ఉతికే యంత్రం. రెంటికీ మధ్య గుమ్మం పక్కన మరకల బల్ల. ఆ బల్ల ముందు ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కూర్చుంటే, బట్ట బోనెక్కినట్టే. వాసన చూస్తుంది, గోటితో గీకుతుంది, ఆనక బట్ట తెచ్చిన పెద్దమనిషి వైపు తలెత్తి, "టీ అని చెప్పారు. టీ కాదు. నేనెవరికీ చెప్పన్లెండి" అంటుంది. పెద్దమనిషి చెవులు ఎర్రబడతాయి.

తిరిగే మనిషికి ఉండేది ఒక్కటే మంచి కోటు, కనక నాకు ఊరూరా లాండ్రీ వాళ్ళతో చుట్టరికం తప్పలేదు. ఒక రేవు పట్నంలో నా కోటు పోగొట్టి, నాకంటే రెండింతలు లావైన మనిషి కోటు చేతిలో పెట్టి, కాస్త ఒళ్ళు చేయమని సలహా ఇచ్చారు. ఇంకోచోట గుండీలన్నీ మారిపోయాయి. అడిగితే, ఇవే బాగున్నాయన్నారు. మరకలత్తయ్య కొట్టులో అలాంటివి సాగవు. ఆవిడకి రెండు పట్టింపులు. ఇస్త్రీ అయిన బట్ట మీద పోగు వేలాడకూడదు, అస్తరు లోపలైనా సరే. చిన్న కత్తెరతో వెతికి వెతికి కత్తిరించాల్సిందే. బట్టలో దొరికింది ఏదైనా సరే, బస్సు టిక్కెట్టు కానీ, విరిగిన దువ్వెన పన్ను కానీ, బట్టగలవాళ్ళదే, పారెయ్యకూడదు. అడిగినవాళ్ళకి ఇవ్వడానికి ఆవిడ దాచిన రేకు డబ్బాలు గోడ బీరువాలో వరసగా ఉండేవి.

ఆ రాగి తీగ వచ్చింది ఊళ్ళో ఉన్న చిన్న ప్రభుత్వ యూనివర్సిటీ గౌన్లలోంచి. పేరుకి యూనివర్సిటీ గాని, పాత రైల్వే గోదాముని గదులుగా కట్టి నడిపిస్తున్న చోటు. అవే కాసిని గౌన్లు, ఏటా పట్టాల పండగ కాగానే వాళ్ళ అటెండరు మూటకట్టి తెచ్చి పడేస్తాడు. ముంజేతుల అంచులు నలిగి, రంగు వెలిసి, అతుకులు పడి. ఏటా కాలరు కింద అస్తరుకి ఎవరో పనిగట్టుకుని దారాలు కుట్టి, ముళ్ళేసి ఉంచుతారు. ఏటా ఈవిడ వాటిని తిట్టుకుంటూ పీకి, బట్టకి చిల్లు పడకుండా అస్తరుని ఆవిరితో సర్ది, పీకిన దారాలు డబ్బాలో వేస్తుంది.

ఊరి బయట అద్దాల మేడలున్న ప్రైవేటు యూనివర్సిటీ గౌన్లు కూడా ఒకసారి ఇక్కడికే వచ్చాయి. కొత్తవి, వ్యాను నిండా. వాటి వెంట వచ్చిన మేనేజరు, "ముందు వైపు ఇస్త్రీ చేస్తే చాలు మేడం, ఫొటోలో వీపు పడదు" అన్నాడు. మరకలత్తయ్య తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వి, చివరికి వీపులు కూడా ఇస్త్రీ చేసే పంపింది.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఆ వారమే ఆవిడ కూతురు ఆ రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. పిల్లకి రెండు చోట్లా రసాయన శాస్త్రంలో సీటొచ్చింది. అద్దాల మేడకి పంపాలంటే కొట్టు వెనక గది అమ్మాలి. పక్క మందుల కొట్టాయన ఎప్పట్నించో అడుగుతున్నాడు. గది పోతే ఉతికే యంత్రం పోతుంది, యంత్రంతో పాటు మరకల బల్ల. ఇక బట్టలు పుచ్చుకుని వేరే ఎవరికో ఉతకడానికి పంపే కౌంటరు మిగులుతుంది. మరకలత్తయ్య అందుకు సిద్ధపడే ఉంది. సిద్ధపడిన మనిషి మొహంలో ఉండే బింకం చూస్తేనే తెలుస్తుంది, ఎంత కష్టంగా సిద్ధపడిందో.

వాటర్ ఫిల్టర్లు అమ్మే ఆవిడ తమ్ముడు సాయంత్రం వచ్చి కౌంటరు మీద మోచేతులాన్చాడు.

"అక్కా, ఎక్కడ చదివావమ్మా అని రేపెవడైనా అడిగితే, పేరు చెప్పగానే కుర్చీ చూపించాలి. గోదాం పేరు చెబితే, అదెక్కడుందీ అంటాడు. ఇది దారి చెప్పుకుంటూ నిలబడాలి."

"నాకు గోదామే ఇష్టం మావయ్యా" అంది పిల్ల, గౌన్లకి ప్లాస్టిక్ కవర్లు తొడుగుతూ.

"ఎందుకట?"

"చూడ్డానికి వెళ్ళాగా. ఆ ల్యాబు మన కొట్టు వాసనేస్తోంది."

మావయ్య పగలబడి నవ్వాడు. ఆవిరి యంత్రం దగ్గర నించున్న తండ్రి కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది బహుశా అదే మొదలు. మరకలత్తయ్య నవ్వలేదు.

"వాసన లేదు, పాడూ లేదు. ఇది వెనక గది కోసం చెప్తోందిరా. నా మొహం చూసి చెప్తోంది. నా మీద జాలిపడి చదువు ఎంచుకుంటే, ముసలిదాన్నయ్యాక రోజూ ఆ గదిలో కూర్చుని ఆ సంగతే గుర్తు చేసుకోవాలి. నా వల్ల కాదు."

"జాలేం కాదమ్మా!"

"నోర్ముయ్. గౌనుల్లో తీగలు గుచ్చే వెధవల దగ్గర నువ్వు చదివేదేమిటి? రేపు నేనే పట్టుకెళ్ళి, ఆ డబ్బా వాళ్ళ మొహాన పెట్టి, నాలుగూ దులిపి వస్తాను. నువ్వూ రా, నీ కళ్ళతో చూద్దువు గాని." తర్వాత నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరూ ఖాళీయే కదా. గౌన్లు మొయ్యాలి."

నేనెప్పుడూ ఖాళీయే. మర్నాడు పొద్దున్న భుజాన గౌన్ల మోపుతో బయల్దేరాను. పెద్ద రోడ్డు దాటి, సైకిళ్ళు బాగుచేసే సందులోంచి వెళ్తే ఆ గోదాం ఎదురుగానే ఉంది. ఇంత దగ్గర్లో ఉండి ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారీ అటు అడుగు పెట్టలేదు. అటెండరు తెస్తాడు, అటెండరు పట్టుకెళ్తాడు. దారంతా ఆవిడ తిట్లు వల్లె వేసుకుంటూనే ఉంది. పెదాలు కదలడం కనిపించింది.

నేను చాలా యూనివర్సిటీల గుమ్మాలు చూశాను, చదవడానికి కాకపోయినా, ఎండకి నీడ కోసం. కొన్నిటి ముందు రాతి సింహాలుంటాయి, కొన్నిటి ముందు గడ్డి మీద నడవొద్దని బోర్డులుంటాయి. ఇక్కడ గుమ్మంలో సైకిలు పంపు ఉంది. నడవా చివర రసాయన శాస్త్రం వాళ్ళ గది. తలుపు తీయగానే గుప్పుమని కొట్టింది, అచ్చంగా మరకలత్తయ్య వెనక గది వాసన. ఆవిడ గుమ్మంలో ఆగిపోయి కూతురి వైపు చూసింది.

లోపల నలుగురైదుగురు విద్యార్థులు. నా భుజం మీద మోపు చూడగానే ఒకడు గావుకేక పెట్టాడు.

"గౌన్లొచ్చాయి! మేడం, గౌన్లొచ్చేశాయి!"

వాళ్ళు నా మీద పడ్డ తీరుకి నేను గోడకి అతుక్కుపోయాను. నమస్కారం లేదు, పలకరింపు లేదు. కవర్లు చింపారు, గౌన్లు తలా ఒకటి లాక్కుని కిటికీ దగ్గరికి పరిగెత్తారు, కాలర్లు తిరగేశారు.

"ఇందులో లేదు!"

"ఇందులోనూ లేదు మేడం!"

"రాగి! రాగిని కూడా తినేసింది!"

ఒకడు తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఒకమ్మాయి ఎగిరి గంతేసి బోర్డు దగ్గరికి పోయి ఏదో కొట్టేసి ఇంకేదో రాయడం మొదలుపెట్టింది. మరకలత్తయ్య సంచీలోని డబ్బాని గుండెలకి హత్తుకుని, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆవిడ వల్లె వేసిన తిట్లలో ఒక్కటీ ఈ సన్నివేశానికి పనికిరాదు.

లోపలి గదిలోంచి తల నెరిసిన మేడం వచ్చింది. ఆవిడ పైకోటు నిండా చిల్లులు. "యాసిడ్ పడింది" అని మరకలత్తయ్య తనలో తాను గొణగడం నాకు వినపడింది. ఎంత దిగ్భ్రమలో ఉన్నా కళ్ళు వాటి పని అవి చేస్తాయి.

"లాండ్రీ వారా? మీరేనా! కూర్చోండి కూర్చోండి. మీ గురించి ఈ గదిలో ఎన్ని మాటలు అనుకున్నామో మీకు తెలీదు."

మరకలత్తయ్య కూర్చోలేదు. గోడ వైపు చూస్తోంది. అక్కడ అరల నిండా గాజు సీసాలు, ఒక్కో సీసాలో ఏదో ద్రవం, అందులో మునిగి గుడ్డముక్కలు, దారప్పోగులు.

"మీరూ లాండ్రీ పెట్టారా?" అంది బిత్తరపోయి.

మేడం నవ్వి, చెప్పుకొచ్చింది. గౌన్లు తక్కువ కదా, ఒకరి తర్వాత ఒకరు వేసుకోవాల్సిందే. ఒక ఏడు ఒక కుర్రాడు పట్టా పుచ్చుకునే వేళకి కాలరు అస్తరు చించుకున్నాడు. తన చొక్కా అంచులోంచి దారం లాగి కుట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్ళూ తలా ఒక కుట్టు కుట్టి ముడేశారు, ఈ గౌను నేనూ వేసుకున్నానని గుర్తుగా. అప్పట్నించీ అది ఆనవాయితీ అయింది. ఉతికి తిరిగొచ్చేసరికి మాత్రం దారాలు మాయం. మొదట నూలు, మాయం. ఉన్ని, మాయం. నైలాను, పట్టు, చేపల దారం, అన్నీ మాయం.

"దారం కరుగుతోంది, గౌనుకి ఏమీ కావట్లేదు. అలాంటి మందేదో మీ దగ్గర ఉందనుకున్నాం. మీ కొట్టుకి ఫోన్ చేసి ఏం వాడతారని కూడా అడిగాను. ఎవరో మగాయన దాని పేరు చెప్పారు. తెప్పించి పరీక్షించాం. దేన్నీ కరిగించదది! ఇంకేదో కలుపుతారన్నమాట, అది మీ వ్యాపార రహస్యం, గుచ్చి అడగడం మర్యాద కాదని మేమే వెతుకుతున్నాం. ఎన్ని బ్యాచ్‌లు దీని మీద పనిచేశాయో! ఈ ఏడు రాగి పెట్టాం. రాగి కూడా పోయిందంటే..."

మేడం గొంతులో భయభక్తుల్లాంటివి వినిపించాయి. మరకలత్తయ్య మొహం చూస్తే, ఆవిడ కాళ్ళకింద నేల ఉందో లేదో నాకే అనుమానమొచ్చింది. విద్యార్థులు ఆవిడ చుట్టూ చేరి, ఏదో మంత్రం చెబుతుందన్నట్టు చూస్తున్నారు.

పిల్ల తల్లి మోచెయ్యి ముట్టుకుంది. "అమ్మా, డబ్బా తియ్యి."

"వద్దే."

"తియ్యమ్మా."

మరకలత్తయ్య డబ్బా బల్ల మీద పెట్టింది. మూత బిగుసుకుపోయి ఉంది. లాగితే ఒక్కసారిగా ఊడింది. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న దారాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, మెరిసే నైలాను, ఉండలు చుట్టుకుపోయిన పట్టు, అన్నిటి మీదా తళతళలాడుతూ ఈ ఏటి రాగి తీగలు. ముళ్ళు ముళ్ళుగానే ఉన్నాయి.

విద్యార్థులు ఒక్కడుగు ముందుకేసి లోపలికి తొంగి చూశారు.

"శుభ్రంగా ఇవ్వాలి కదండీ" అంది మరకలత్తయ్య. ఆ గొంతు నేనెన్నడూ విన్నది కాదు. "వేలాడుతున్నాయని..."

నేల మీద కూర్చున్నవాడు మెల్లగా లేచాడు. "అంటే... మీరు పీకేశారా? చేత్తో?"

"కత్తెరతో నాయనా."

బోర్డు దగ్గరున్న అమ్మాయి చేతిలోంచి సుద్దముక్క జారి కిందపడింది. మేడం స్టూలు కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది. తర్వాత ఒక ఆకుపచ్చ ఉన్ని పోగుని రెండు వేళ్ళతో పైకి తీసింది.

"ఇది బస్సు కండక్టరు గారబ్బాయిది. వాడికి రంగులు ఆనవు. ఎర్రదారం కుట్టానని అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు అద్దకం ఫ్యాక్టరీలో రంగు సరిపోయిందో లేదో యంత్రంతో కొలిచి చెప్పేది వాడే." ఇంకొకటి తీసింది. "ఇది పిల్లాణ్ని ఎత్తుకుని క్లాసుకొచ్చేదే, ఆ అమ్మాయిది. పిల్లాడి స్వెట్టరు పోగు." మరొకటి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఇదెవరిదో గుర్తు లేదు" అని, తప్పు చేసినట్టు మొహం పెట్టింది. "ఇన్నేళ్ళు! మందు పేరేమిటని అడిగాను గాని, మా దారాలు ఏమయ్యాయని అడగాలనిపించలేదు చూడండి. రసాయనం అనుకున్నాక ఇంకేదీ కనపళ్ళేదు నాకు."

"ఒక్క మాటు కొట్టుకొస్తే పోయేది కదండీ! రోడ్డవతలే కదా!" అంది మరకలత్తయ్య, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో. "నేనైనా ఒక్క మాటు ఇటొచ్చి ఎవరు కుట్టారర్రా అని అడగలేదు. ఇంట్లో కూర్చుని తిట్టుకున్నాను."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందెవరు నవ్వారో నాకు తెలీదు. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

మరకలత్తయ్యే ముందుగా తేరుకుంది. కొంగుతో మొహం ఒత్తుకుని, కూతురికి వినపడకుండా గొంతు తగ్గించింది. "మా పిల్లకి ఇక్కడ సీటొచ్చిందండీ. ఏమొస్తుందో చెప్పొద్దు, అలాంటివి ఆ అద్దాల మేడ గురించి మా తమ్ముడు రోజూ చెప్తూనే ఉన్నాడు. ఇక్కడ చేరితే ఏం పోగొట్టుకుంటుందో అది చెప్పండి."

మేడం సర్దిచెప్పే మనిషి కాదు. "మా పేరు చెబితే ఎవరూ కుర్చీ వెయ్యరు. ఉద్యోగం తనే వెతుక్కోవాలి. పెద్ద యంత్రం ఒక్కటే ఉంది, అది పాడైతే బాగుచేసేవాడు వచ్చేదాకా గుడ్డ కప్పి ఉంచుతాం. కొన్ని పాఠాలకి మనిషి లేక వేరే వాళ్ళు అరువొచ్చి చెప్తారు. తెలివైన పిల్లలు కొందరు మధ్యలోనే పెద్ద చోటికి వెళ్ళిపోతారు. వెళ్ళొద్దని నేనెప్పుడూ అనలేదు."

మరకలత్తయ్య ఒక్కొక్క మాటకీ తల ఊపింది, మరక మీద చుక్క చుక్కగా మందు వేసి ఆగి చూసినట్టు. ఇంతలో బల్ల దగ్గర్నించి పిల్ల గొంతు వినిపించింది.

"అమ్మా! ఉతక్కముందు పీకుతావా, ఉతికాకా?"

"ఉతికి, ఇస్త్రీ అయ్యాక. ఆఖర్న."

"అయితే ఇవన్నీ ఉతుకుడు తిన్నవే! చూడండి, ఒక్కటీ కరగలేదు. మీక్కావలసిన జవాబులన్నీ ఈ డబ్బాలోనే ఉన్నాయి కదా? ఏ దారం ఎంత పాడైందో వీటినే చూడొచ్చు."

విద్యార్థుల తలలన్నీ డబ్బా మీదికి వంగాయి. ఒకడు భూతద్దం కోసం పరిగెత్తాడు. నేల మీద కూలబడ్డవాడు, "నువ్వు ఏ ఇయర్?" అని పిల్లని అడిగాడు. "ఇంకా చేరలేదు" అంది, తలెత్తకుండానే. వేళ్ళు అప్పటికే దారాలని విడదీస్తున్నాయి, నూలు ఒక పక్క, పట్టు ఒక పక్క. ఆ వేళ్ళ వాటం నాకు తెలుసు. మరకల బల్ల దగ్గర రోజూ చూసేదే.

మరకలత్తయ్య కూడా చూసింది. చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

ఇంటికి వచ్చేటప్పుడు నా భుజం మీద మోపు లేదు, ఆవిడ సంచీలో డబ్బా లేదు. పిల్ల దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. నైలాను ఎందుకు పసుపెక్కింది, ఉన్ని ఎందుకు పీచెక్కింది, అసలు రాగి నల్లబడాలి కదా. సైకిళ్ళ సందులో ఒకడి సైకిలు చక్రం కింద పడబోయింది కూడా. తల్లి ఊ కొడుతూ నడిచింది. కొట్టు మెట్లెక్కబోతూ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"విన్నారా అన్నయ్యగారూ? వెనక గది మాట ఒక్కసారైనా ఎత్తిందా?"

ఎత్తలేదు.

లోపల తమ్ముడు కాచుకుని ఉన్నాడు. సంగతంతా విని, కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు. "లేని మందు కోసం ఏళ్ళ తరబడి వెతికారా! అక్కా, ఆ పిచ్చి మాలోకాల దగ్గర చేరుస్తావా దీన్ని?"

"అవున్రా. వీపు ఇస్త్రీ చెయ్యక్కర్లేదన్నారే, వాళ్ళకి మన పిల్ల ఫొటోలో పడితే చాలు. వీళ్ళు ఒక దారం పోయిందని ఇన్నాళ్ళు దేవులాడారు. ఇక మనిషి పోతే ఊరుకుంటారా?" ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పైగా అంతమంది ఉండీ రోడ్డు దాటి అడిగే మనిషి లేడక్కడ. దీనికి నోరుంది. అడుగుతుంది."

"ఉద్యోగం?"

"రాకపోతే తంటాలు పడుతుంది. ఆవిడ దాచకుండా చెప్పింది. నువ్వింతవరకూ లోపం దాచకుండా ఒక్క ఫిల్టరు అమ్మావా?"

తమ్ముడు కౌంటరు మీంచి చెయ్యి తీసేశాడు. మరకలత్తయ్య మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, ఎప్పుడో ఫోనొచ్చిందట?"

"వచ్చింది" అన్నాడాయన, ఆవిరి మధ్యలోంచి. "మందు పేరు అడిగారు. చెప్పాను."

"దారాల సంగతి?"

"అడగలేదు. చెప్పలేదు."

ఆవిడ అరచేత్తో నెత్తి కొట్టుకుంది.

మరుసటి ఏడు నేను మళ్ళీ ఆ ఊరు మీదుగా పోతూ దిగాను. వెనక గది వాసన వీధిలోకే వస్తోంది. మరకల బల్ల మీద గోదాం గౌన్లున్నాయి. కాలర్ల కింద కొత్త ముళ్ళు అలాగే ఉన్నాయి, వాటి పక్కన మేడం ఎవరి చేతనో మళ్ళీ కుట్టించిన పాతవి కొన్ని. మరకలత్తయ్య ఒక గౌను చేతి అంచు పట్టుకుని గోదాంలో ఉన్న కూతురితో ఫోనులో మాట్లాడుతోంది. అక్కడ గౌను రంగు పోగే ఒకటి వేలాడుతోంది.

"అమ్మడూ, ఇది గుర్తా, ఊడిన కుట్టా?... చేతి అంచునే... కాలరు కిందే కుడతారని నాకూ తెలుసు. అయినా అడుగుతున్నా... సరిగ్గా కనుక్కుని చెప్పు. మేడాన్నీ అడుగు... అడిగావా? ఏమంది?"

ఊడిన కుట్టేనట. ఫోను పెట్టేసి ఆవిడ కత్తెర అందుకుంది. చాలాసేపు పట్టుకుని, అప్పుడు కత్తిరించింది.

దాన్ని పారెయ్యలేదు. బీరువాలోంచి ఖాళీ డబ్బా ఒకటి తీసి, అందులో వేసింది.